నానబెట్టిన బంతి

మా బావ వాటీ ఇమ్రీ తల గురించి క్రెయిగ్‌మ్యూర్‌లో చెప్పుకునే మాటల్లో సగం నేను పుట్టించినవే. మిగతా సగం నా దగ్గర విన్నవాళ్ళు పెంచి పోషించినవి. గ్లాస్గోలో ఆడే రోజుల్లో ఆయన ఒకసారి బంతిని తలతో కొడితే అది మబ్బుల్లోకి పోయిందనీ, రెండు జట్లూ లోపలికెళ్ళి టీ తాగి వచ్చాక మంచు పట్టి కిందికి దిగిందనీ చెప్పేవాణ్ణి. సరిహద్దు దాటి ఇంగ్లండులో ఆడినప్పుడు గోలు స్తంభానికి గుద్దుకుంటే స్తంభం మార్చారు గాని బావకి కట్టు కట్టలేదని చెప్పేవాణ్ణి. దేశం తరఫున ఆడాడని కూడా చెప్పేవాణ్ణి. అది నిజం కాబట్టి ఎవరికీ రుచించేది కాదు.

ఆటలో ఆయన వెనక నడుమ, తన గోలుకి కాపలాగా నిలబడేవాడు. గోలు మీదికి ఎత్తుగా వచ్చే ప్రతి బంతీ ఆయన నుదుటి సొత్తు. అప్పటి బంతి తోలుది. దాని నోటిని తోలుతాడుతో బిగించి కట్టేవాళ్ళు. వాన పడితే తోలు నీళ్ళు తాగి బరువెక్కేది, మా దేశంలో వాన పడని శనివారాన్ని నేను చూడలేదు. ఆ తాడు కోసిన గాట్లు బావ కనుబొమల మీద పాతచెప్పు మీది కుట్లలా ఉండేవి.

కాళ్ళు మొరాయించాక ఊరికొచ్చి మా క్రెయిగ్‌మ్యూర్ థిసిల్ జట్టుకి కోచ్ అయ్యాడు. పాత గని దగ్గర గుర్రాలు నీళ్ళు తాగిన రాతి తొట్టి ఒకటి పడి ఉంటే, దాన్ని అడిగి తెచ్చి ఆటస్థలం వెనక పెట్టించాడు. శుక్రవారం సాయంత్రం బంతులన్నీ అందులో నానెయ్యాలి. శనివారం పొద్దున కుర్రాళ్ళు ఆ నానిన బంతులను తలలతో కొట్టి కొట్టి సాధన చెయ్యాలి. పొద్దున ఆ బరువు మోసిన తలకి మధ్యాహ్నం అసలు ఆటలో బంతి బూరలా తేలిపోతుందని ఆయన లెక్క. ఊరంతా దీన్ని మహా తెలివి అనుకుంది. పక్క ఊరివాళ్ళు కూడా ఎక్కడెక్కడి తొట్లనో వెతికి తెచ్చుకున్నారు.

ఇంట్లోనూ అదే తంతు. పెరట్లో బట్టలుతికే గదిలో దూలానికి తాడు కట్టి ఒక బంతిని వేలాడదీశాడు. సాయంత్రం దాన్ని తడిపి వదిలేసి, పొద్దున్నే టీ కంటే ముందు వెళ్ళి తలతో కొట్టేవాడు. ఆయన భార్య నెట్టా నాకు చెల్లెలు. అది టీ నీళ్ళు దించడానికి ఏనాడూ గడియారం చూడలేదు. పెరట్లో ధప్ ధప్ మని వచ్చే ఆ చప్పుడు ఆగితే నీళ్ళు దించేది. వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు కోలిన్ ఆ చప్పుడు వింటూ ఉయ్యాల్లో నిద్రపోయాడు, ఆ చప్పుడు వింటూ మీసాలు మొలిపించాడు, చివరికి తండ్రి నిలబడ్డచోటే వెళ్ళి నిలబడ్డాడు.

పక్కింట్లో ఉంటూ మూడుపూటలా వాళ్ళింట్లో తినే ఈ గిబ్బీగాడు, అంటే నేను, జట్టుకి బకెట్టు మనిషిని. ఆటలో ఎవడు పడితే వాడి దగ్గరికి చన్నీళ్ళ బకెట్టు, స్పాంజి పట్టుకుని పరిగెత్తడం నా ఉద్యోగం. కాలు బెణికినా, కడుపులో గుద్దినా, కళ్ళు తిరిగినా మందు ఒకటే. నా స్పాంజి తగిలి చచ్చినవాడు లేచి గోలు వేశాడన్న కథ కూడా ఉంది గాని, దానికి ఇక్కడ చోటు లేదు.

పంతొమ్మిది వందల అరవై రెండు చలికాలం మొదట్లో క్లబ్బు స్వర్ణోత్సవ విందు జరిగింది. అధ్యక్షుడు లెకీకి మాంసం కొట్టు. ఆయన చేయించిన పేస్ట్రీల్లో మాంసం ఎంతో, మిరియాలు ఎంతో తేల్చుకోలేక జనం తింటూనే ఉన్నారు. బావతో కలిసి ఆడిన పాత ఆటగాళ్ళందరూ భార్యలతో వచ్చారు. మగవాళ్ళు వేదిక దగ్గర చేరి పాత గోల్సన్నీ మళ్ళీ వేసుకుంటున్నారు. ఆడవాళ్ళు పొయ్యి చుట్టూ కూర్చున్నారు. ముసలి బ్రహ్మచారిని గనక నన్ను ఎక్కడినుంచీ ఎవరూ తరమరు. నేను పొయ్యి దగ్గరే కూర్చున్నాను.

నెట్టా నవ్వుతూ మొదలుపెట్టింది. ఆ వారం వాటీ తన బూట్లను రొట్టెల పొయ్యిలో పెట్టి, రొట్టెను గుమ్మం బయట పెట్టాడట. అందరూ నవ్వారు. డంక్ గౌర్లీ అని, బావ జట్టులోనే తలతో గోల్స్ వేసి పేరు తెచ్చుకున్నవాడు ఉండేవాడు. ఆయన భార్య బెస్సీ అందుకుంది. మా ఆయన టీ డబ్బాను బొగ్గుల గదిలో దాచి, నన్ను దొంగ అన్నాడమ్మా అంది. ఇంకా నవ్వారు. ఇంకొకామె, ఆమె భర్త కూడా వెనక ఆడినవాడే, పోయి రెండేళ్ళయింది, పోయేముందు ఆయన తనను అక్కా అని పిలిచేవాడని చెప్పింది. ఈసారి నవ్వు కొంచెం తగ్గింది.

అంచున పరిగెత్తే ఆటగాడు టల్లక్ భార్య మాత్రం మూతి తిప్పింది. "మా ఆయనకి ఒక్కటీ మరుపు లేదు తల్లీ. పెళ్ళికి మా నాన్న ఇస్తానని ఇవ్వని కుర్చీ కూడా ఇప్పటికీ గుర్తే." గోలు కాసినవాడి భార్య కూడా మా ఇంట్లోనూ అంతే అంది.

నెట్టా చేతిలో ఫోర్కు కింద పెట్టింది.

"మీ ఆయన బంతిని తలతో కొట్టేవాడా?" అని టల్లక్ భార్యని అడిగింది.

"ఆయనా? దువ్వుకున్న జుట్టు చెదురుతుందని బంతి ఎత్తుగా వస్తే పక్కకి తప్పుకునేవాడు."

ఎవరూ నవ్వలేదు. బెస్సీ పొయ్యిలోకి చూస్తూ కూర్చుంది. నెట్టా తల తిప్పి హాలు అవతలికి చూసింది. నేనూ చూశాను. డంక్ గౌర్లీ తన పళ్ళెంలోని పేస్ట్రీని ముక్కలు చేసి కోటు జేబులో వేసుకుంటున్నాడు. పక్కన మా బావ, అందరి చప్పట్లూ ఆగిపోయాక, ఒక్కడే చప్పట్లు కొడుతున్నాడు.

ఆ తర్వాత వారమే రేడియోలో కప్పు పోటీల్లో ఎవరు ఎవరితో ఆడాలో చీటీలు తీశారు. తూర్పు తీరం నుంచి పెద్ద డివిజన్ జట్టు మా ఊరికి రావాలి. ఊరు ఊరంతా గాలిలో నడిచింది. దాని వెంటే ఇంకో కబురు. ఇంగ్లండు నుంచి ఒక పెద్ద క్లబ్బు మనిషి ఆ ఆటకి వస్తున్నాడు, మా కోలిన్‌ని చూడటానికే.

ఇక్కడే చిక్కొచ్చింది. ఆట ముందు గదిలో బావ జట్టు పేర్లు చదువుతూ మధ్యలో తన కాలపు ఆటగాళ్ళ పేర్లు చదివేవాడు. వాళ్ళలో కొందరు మట్టిలో ఉన్నారు. కుర్రాళ్ళు తమాషా అనుకుని నవ్వేవాళ్ళు. లెకీ అయితే పొంగిపోయేవాడు. పాత సింహాలను గుర్తుచేసి పిల్లలకి పౌరుషం ఎక్కిస్తున్నాడయ్యా, మనిషంటే వాటీ అని నా భుజం చరిచేవాడు. నేను బావ పక్కనే నిలబడి, ఆయన ఆగిన చోట చెవిలో పేరు అందించడం మొదలుపెట్టాను. బకెట్టు పని కంటే ఇదే కష్టమైంది. డాక్టరు వయసన్నాడు. బావకి యాభై నాలుగు.

ఇంట్లో నెట్టా కొడుకును కూర్చోబెట్టింది. ఆ పూట బల్ల దగ్గర నేను బంగాళాదుంపలు ఒలుస్తున్నాను గనక అన్నీ విన్నాను.

"ఆ బంతికి నేను ఒక మనిషిని ఇచ్చానురా. రెండోవాణ్ణి ఇవ్వను" అంది.

"నాన్నది వయసమ్మా. డాక్టరే చెప్పాడు కదా."

"డంక్‌ది కూడా వయసేనా? ఆ పోయినాయనది? టల్లక్‌కి మాత్రం వయసు రాలేదా?"

కోలిన్ నా ముందున్న దుంప ఒకటి తీసుకుని చేతిలో తిప్పాడు. గని మూసేస్తారన్న మాట అప్పటికే ఊళ్ళో ఉంది. వాడి చేతిలో ఉన్నదల్లా ఆ తల ఒక్కటే. చివరికి, ఒక్క ఆట అమ్మా, ఆ ఇంగ్లండువాడి ముందు ఒక్క ఆట ఆడనీ, తర్వాత నువ్వు చెప్పినట్టే వింటాను అన్నాడు.

"ఆ ఒక్కటీ బాగా ఆడితే ఇంక తర్వాత ఎక్కడుంటుందిరా?" అంది నెట్టా.

నేను దుంపల మీదే చూపు పెట్టుకున్నాను.

ఇంతలో మంచు దిగింది. క్రిస్మస్ మర్నాడు మొదలైంది, ఇక కదలలేదు. అంత చలి నా జన్మలో చూడలేదు. మా వీధిలో ఒక మనిషి తిట్టిన తిట్టు గడ్డకట్టి కిటికీకి వేలాడిందనీ, ఎండ వచ్చాక కరిగి పాస్టరుగారి నెత్తిన పడిందనీ నేను చెబితే, ఆ ఏడు ఎవరూ నన్ను అబద్ధాలకోరు అనలేదు. నేల రాయైపోయింది. శనివారం వచ్చేది, రిఫరీ వచ్చి మడమతో నేలను తన్ని చూసేవాడు, ఆట వచ్చే వారానికి వాయిదా అనేవాడు. గని మనుషులు నిప్పుల కుంపట్లు తెచ్చి మైదానంలో వెలిగించారు. గడ్డి పరిచారు. లెకీ తన కొట్టు నేల మీది రంపపు పొట్టంతా తెచ్చి చల్లించాడు. రక్తం వాసనకి ఊరి కుక్కలన్నీ మధ్యగీత దగ్గర సభ చేశాయి. నేల మాత్రం మెత్తబడలేదు.

ఆట ఒక్కో వారం వాయిదా పడేకొద్దీ బావ ఒక అడుగు వెనక్కి జరిగేవాడు. ఆయన్ని ఆ ఆటదాకా ఎవరి కంటా పడకుండా నిలబెట్టాలని మా ముగ్గురి తాపత్రయం. తండ్రి పిచ్చివాడని తెలిస్తే ఇంగ్లండువాడు కొడుకును చూడటానికి వస్తాడా? నెట్టా కూడా ఈ దాపరికంలో మాతో కలిసింది. కొడుకు కోసం కాదు. ఊరు వాటీని చూసి నవ్వకూడదని.

మంచు దిగిన వారంలోనే కొత్త సంవత్సరం రోజు వచ్చింది. ఆ రోజు గడప తొక్కే మొదటి మనిషి నల్లజుట్టు పొడగరి అయి, బొగ్గుముక్క చేతిలో పట్టుకొస్తే ఆ ఇంటికి ఏడాదంతా మంచిదని మావాళ్ళ నమ్మకం. బావకి ఎత్తూ ఉంది, ఆ వయసులో కూడా జుట్టు కాకిలా నల్లగా ఉంది. అందుకని వీధిలో సగం ఇళ్ళకి తొలి అడుగు ఆయనదే. ఆ ఏడు మోకాలిలోతు మంచు గనక తెల్లవారాకే బయల్దేరాడు. నాలుగిళ్ళేగా, తప్పిపోడులే అని నెట్టా పంపింది.

కాసేపటికి నెట్టా వాళ్ళింటి తలుపు ఎవరో తట్టారు. నెట్టా తీసింది. బావ. టోపీ తీసి చేతిలో పట్టుకుని, రెండో చేతిలో బొగ్గుముక్కతో నిలబడి ఉన్నాడు.

"కొత్త ఏడాది ఈ ఇంటికి మేలు చెయ్యాలమ్మా" అన్నాడు. "ఇంటాయన ఉన్నాడా?"

వేషం వేస్తున్నాడనుకుని నేను నవ్వబోయాను. బల్ల దగ్గర కోలిన్ కూడా నవ్వు మొహం పెట్టాడు. నెట్టా నవ్వలేదు. తలుపు ఇంకాస్త బార్లా తీసింది.

"లేరండీ. బయటికెళ్ళారు. చలిలో నిలబడ్డారు, లోపలికి రండి."

బొగ్గుముక్క అందుకుని పొయ్యిలో వేసింది. అతిథికి పెట్టినట్టే చిన్న గ్లాసులో విస్కీ పోసింది, నల్ల కేకు ముక్క కోసి పెట్టింది. బావ తన కుర్చీలో కూర్చోలేదు. వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీ అంచున, మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని కూర్చున్నాడు. ఇల్లు శుభ్రంగా ఉందన్నాడు. పొయ్యి మీది గోడకున్న జట్టు ఫోటో వైపు చూశాడు.

"మీవారు ఆటగాడా అమ్మా?"

"ఆడేవారండీ."

"ఏ చోట?"

"వెనక నడుమ."

"కష్టమైన చోటు" అన్నాడు బావ, తల ఊపుతూ. "తలనొప్పి అంటుంటాడా?"

"ఎప్పుడూ చెప్పలేదండీ" అంది నెట్టా.

గ్లాసు ఖాళీ చేసి లేచాడు. టోపీ పెట్టుకుని, మీవారు వస్తే వాటీ ఇమ్రీ వచ్చి వెళ్ళాడని చెప్పండి అని గుమ్మం దిగాడు. నెట్టా ఆ గ్లాసును కడిగి బోర్లించాక, కొడుకు వైపు తిరగకుండానే, వెనకాలే వెళ్ళరా, వీధి చివరిదాకా పోనిచ్చి అక్కణ్ణుంచి తిప్పి తీసుకురా అంది. వాడు కోటు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. తిరిగొచ్చినప్పుడు బావ మామూలుగానే ఉన్నాడు. బూట్లు దులుపుకుంటూ, ఏమోయ్ గిబ్బీ, మా ఇంట్లో నీకు తిండి పెట్టి పెట్టి నా ఎముకలు తేలాయి, ఇవాళేం వండింది మీ చెల్లెలు అన్నాడు. నేను లేచి కుండ మూత తీసి చూపించాను.

ఆ రోజు తర్వాత నెట్టా కొడుకుని మళ్ళీ ఏమీ అడగలేదు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున నేను వాళ్ళింట్లో గంజి తాగుతున్నాను. నెట్టా పొయ్యి దగ్గర నిలబడి ఉంది. పెరట్లో చప్పుడు మొదలైంది. అది ధప్ మనడం లేదు. టక్, టక్ మంటోంది, గనిలో సుత్తి రాతికి తగిలినట్టు. నెట్టా మొహం నా వైపు తిరిగింది. మా ఇద్దరికంటే ముందే కోలిన్ లేచి పరిగెత్తాడు.

ముందురోజు సాయంత్రం బావ ఎప్పటిలాగే బంతిని తడిపి తాడుకు వదిలాడు. రాత్రి చలికి అది గడ్డకట్టి ఇనపగుండైంది. ఆయన దాని ముందు నిలబడి, ఎప్పటిలాగే, ఒక లయలో, నుదురుతో కొడుతున్నాడు. నుదురు చీలింది. చొక్కా గుండె మీద ఎర్రగా ఉంది.

"ఇవాళ బంతి బరువు బాగుంది" అన్నాడు మమ్మల్ని చూసి.

కోలిన్ వెళ్ళి బంతిని రెండు చేతులా పట్టుకుని గుండెకి అదుముకున్నాడు. "చాలు నాన్నా."

"పక్కకి జరుగు అబ్బాయ్. ఇంకా కొన్ని ఉన్నాయి."

వాడు జరగలేదు. బంతి లేకపోయినా బావ మెడ ఆగలేదు. వెనక్కి వెళ్ళి ముందుకు, వెనక్కి వెళ్ళి ముందుకు, గాలిని కొడుతూనే ఉంది. నేను అలవాటుగా స్పాంజి కోసం అక్కడున్న బకెట్టులో చెయ్యి పెడితే గోళ్ళు మంచుకు తగిలి విరిగాయి. చివరికి నెట్టా తను నడుముకి కట్టుకున్న వంటగుడ్డ విప్పి ఆ నుదుటికి అదిమింది. అదిమిన చేతి కింద కూడా ఆ తల కాసేపు కొడుతూనే ఉంది.

మంచులో జారిపడ్డాడని లెకీకి చెప్పాం. ఊరంతా జారిపడుతున్న రోజులు, నమ్మాడు.

మార్చిలో ఒక రోజు చూరు నుంచి నీటి చుక్క పడింది. ఆ తర్వాత వాన. మైదానం ఒక్క వారంలో రాయి నుంచి బురద అయింది. ఆట ఖాయం అన్నారు. శుక్రవారం సాయంత్రం ఎవరూ చెప్పకుండానే బావ వెళ్ళి బంతులన్నీ తొట్టిలో వేసి వచ్చాడు. ఆ పూట నన్ను ఆయన లెకీ అని పిలిచాడు, కాని బంతుల నోటి తాళ్ళు పైకి ఉండేలా సర్దడం మాత్రం ఆయన చేతులు మరిచిపోలేదు.

ఆట రోజు గదిలో పేర్లు చదవడం నా వంతైంది. కుర్రాళ్ళకి అప్పటికే అర్థమైపోయినట్టుంది. ఎవరూ నవ్వలేదు, లెకీ పైకప్పు వైపు చూస్తూ నిలబడ్డాడు. చివరికి బావ ముందుకొచ్చి, ఎత్తుగా వచ్చేవన్నీ అని మొదలుపెట్టి కోలిన్ ముందు ఆగిపోయాడు. పేరు కోసం వెతుకుతున్నాడు. నేను చెవి దగ్గరికి వంగేలోపే కోలిన్ అన్నాడు, "నావి నాన్నా."

స్టాండులో మా నల్లకోట్ల మధ్య ఒంటెరంగు కోటు ఒక్కటి కనిపించింది. ఇంగ్లండు మనిషి. కింద, మా బెంచీ వెనక కంచె దగ్గర, గొడుగు పట్టుకుని నెట్టా నిలబడింది. అది ఆటస్థలానికి రావడం కోలిన్ పుట్టాక అదే మొదటిసారి.

మొదటి సగం మావాడు ఆడిన ఆట ఈ జన్మకి చాలు. నీళ్ళు తాగిన బంతి ఎత్తుగా వచ్చినప్పుడల్లా ఆ పెద్ద జట్టువాళ్ళ మధ్యనుంచి ఒక్క తల లేచేది. జనం ఇమ్రీ, ఇమ్రీ అని అరిచారు. అది తండ్రికో కొడుక్కో వాళ్ళకే తెలియదు. ఒంటెరంగు కోటు ముందుకు వంగి కూర్చుంది. నేను మాత్రం బెంచీ మీద ఇంకోటి చూస్తున్నాను. మైదానంలో కొడుకు తల బంతికి తగిలిన ప్రతిసారీ, నా పక్కన బావ మెడ వెనక్కి వెళ్ళి ముందుకు వస్తోంది.

రెండో సగంలో వైపులు మారాయి. మా గోలు ఇప్పుడు బెంచీ ఉన్న వైపుకొచ్చింది. కోలిన్ మాకు దగ్గరగా నిలబడ్డాడు. గోలు ఇంకా ఎవరికీ పడలేదు. అవతలి వెనకవాడు ఒకడు బంతిని బలంగా తన్నాడు. అది వానలోకి లేచి, చాలాసేపు అక్కడే ఉండి, దిగడం మొదలుపెట్టింది. కోలిన్ దాని కిందికి వచ్చి నిలబడ్డాడు. బంతిని చూశాడు. పక్కకి తిరిగి ఒక్కసారి మా బెంచీ వైపు చూశాడు.

బావ మెడ వెనక్కి వెళ్ళి, సిద్ధంగా ఉంది.

కోలిన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. బంతి వాడి ముందు బురదలో పడి అక్కడే అతుక్కుపోయింది. వాళ్ళవాడు పరిగెత్తుకొచ్చి దాన్ని గోల్లోకి తన్నాడు.

ఆ తర్వాత మావాడు ఒక్కసారి కూడా ఎగరలేదు. ఛాతీతో ఆపబోయాడు, కాలితో అందుకోబోయాడు, పరిగెత్తాడు, పడ్డాడు, లేచాడు. తల మాత్రం ఇవ్వలేదు. ఎన్ని గోల్స్ పడ్డాయో నేను చెప్పను. జనం ఎగతాళి మొదలుపెట్టారు. గిబ్బీ, బకెట్టు తీసుకెళ్ళవయ్యా, వాడికి గుండె జారి బురదలో పడింది అన్నాడొకడు. జుట్టు చెదురుతుందని బాధరా బాబుకి అన్నాడు ఇంకొకడు. ఆట ముగియక ముందే ఒంటెరంగు కోటు లేచి వెళ్ళిపోయింది.

బావ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఎవడోయ్ ఆ వెనక నడుమ నిలబడ్డవాడు?"

"ఊళ్ళోవాడే బావా."

"బంతిని చూసి భయపడుతున్నాడు. ఎవరి కొడుకు?"

నేను బకెట్టు మీదికి వంగి స్పాంజి పిండాను.

"నా కొడుకండీ" అంది వెనకనుంచి నెట్టా.

బావ తిరిగి చూశాడు. తెలియని ఆడమనిషి ముందు మర్యాదగా టోపీ తీశాడు. నుదుటి మీది కొత్త మచ్చ మీద వాన పడింది.

"ఏమీ అనుకోకమ్మా. మంచి పిల్లాడే అయ్యుంటాడు. కాని ఈ ఆటకి కావలసిన తల వాడికి లేదు."

"లేదండీ" అంది నెట్టా, గొడుగును ఆయన మీదికి వంచుతూ.

వారం తిరగకుండా లెకీ వచ్చాడు. మంచి పిక్క మాంసం కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టి, వాటీ ఊరికి చేసిన సేవ గురించి కాసేపు మాట్లాడి, ఇక విశ్రాంతి తీసుకోవాలన్నాడు. బావ శ్రద్ధగా విని, ఆ వాటీ ఎవరో గాని అదృష్టవంతుడు అన్నాడు. కోలిన్‌కి బస్సులో కండక్టరు పని దొరికింది. మా ఊళ్ళో బస్సెక్కే ప్రతి ముసలాడూ మెట్టు మీద ఆగి, తల జాగ్రత్తరా అబ్బాయ్ అనేవాడు. జాగ్రత్తగానే ఉన్నాను మామా, టికెట్టు ఎక్కడికి అనేవాడు వాడు. ఆ మాట వాడు ఎన్ని బస్సుల్లో, ఎన్నాళ్ళు చెప్పాడో నేను లెక్కపెట్టలేదు. బెస్సీ మాత్రం బస్సెక్కినప్పుడు వాడి చెయ్యి ఒకసారి నొక్కి, తన సీటుకి వెళ్ళి కూర్చునేది.

బట్టల గదిలో తాడు కోసేశాం. ఏప్రిల్లో ఒక పొద్దున నేను గంజికి వెళ్ళేసరికి బావ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎవరో చొక్కా గుండీలు సరిగ్గా పెట్టారు. కోలిన్ యూనిఫాం వేసుకుని బల్ల దగ్గర ఉన్నాడు. నెట్టా పొయ్యి ముందు నిలబడి పెరటి వైపు చూస్తోంది. కెటిల్ కూత వేసి వేసి గొంతు తగ్గిపోయింది. ఆవిరి కిటికీ అంతా పట్టింది. నీళ్ళు సగానికి మరిగి ఉంటాయి. నెట్టా ఇంకా ఆ చప్పుడు కోసం వింటూనే ఉంది.

కోలిన్ లేచి వెళ్ళి కెటిల్ దించాడు.